నాన్నగారి పాత స్పీకరే ఇప్పుడు నా గిటార్ ఆంప్

పర్లాకిమిడిలో మా అటక మీద నాన్నగారి పాత హైఫై స్పీకర్లు రెండు దుమ్ము కొట్టుకుపోతుంటే, ఒకదాన్ని బరంపురంలో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్లాను, గిటార్ ప్రాక్టీసుకి ఆంప్‌గా, అంటే సౌండు పెంచే పెట్టెగా మార్చమని. షాపాయన సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడతాడు గానీ చేతిలో పనుంది. 8 ఓమ్‌ల స్పీకరు పెట్టెలోనే టీడీఏ2030 అనే ఆంప్లిఫయర్ చిప్ ఉన్న బోర్డు బిగించి, 12 వోల్టుల అడాప్టరు ఇచ్చాడు. ఇంటికొచ్చి గిటార్ తగిలిస్తే సౌండు నీరసంగా, జలుబు చేసిన గొంతులా వచ్చింది. గిటార్ తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌కి, ఆ సిగ్నల్ నీరసించకుండా, దాదాపు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ నిరోధం ఉన్న ప్రీఆంప్ (ఆంప్‌కి ముందుండే చిన్న సర్క్యూట్) కావాలి, నేరుగా బోర్డుకి కలిపేస్తే ఎలా? మళ్లీ బస్సెక్కి వెళ్లాను. గొణుక్కుంటూనే టీఎల్072 చిప్‌తో చిన్న ప్రీఆంప్ కట్టిచ్చాడు, డబ్బులు మాత్రం అడగలేదు.

ఇప్పుడు క్లీన్ టోన్ చాలా బాగుంది. సౌండుని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ నొక్కితే మాత్రం తేనెతుట్టె కదిపినట్టే! గిటార్ స్పీకర్లు 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండు బాగా తగ్గించేస్తాయి, హైఫై పెట్టెలో కీచు స్వరాలు పలికే ట్వీటరేమో ఆ గోలంతా వినిపిస్తుంది. ట్వీటర్ వైరు నేనే పీకేశాను, సగం నయం. గట్టిగా పెట్టాలంటే ఇంకా భయమే, పాత వూఫర్ (లోతు స్వరాలు పలికే స్పీకరు) కదా. పక్కింటి పిన్నిగారికి ఈ లోటే నచ్చింది. రెండో స్పీకరు కూడా షాపాయనకే ఇస్తాను, ఈసారి ప్రీఆంప్ సంగతి ముందే చెప్పి.