కౌబాయ్స్ మోడల్ రైలు: ఏళ్ల తరబడి నడిపాక

అమెరికాలో డల్లాస్, ఫ్రిస్కో, ప్లేనో వైపు డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ అంటే పిచ్చి ఉన్నవాళ్లకు కానుక కొనాలంటే ముందు జెర్సీ గుర్తొస్తుంది. దానికి సైజు తెలియాలి. టీమ్ రంగులు వేసిన మోడల్ రైలుకు ఆ బెంగ లేదు. నీలం, వెండి రంగుల ఇంజను, వ్యాగన్ పక్కన పెద్ద నక్షత్రం ఉంటే అభిమానికి అంతే చాలు. ఆ రైలు నాలుగు కాలాలు నడవాలంటే మాత్రం రంగు కింద ఏముందో చూడాలి.

ఈ రకం రైళ్లలో ఎక్కువగా దొరికేది ఓఎన్30 అనే సైజు. బాడీ 1:48 స్కేలు, అంటే అసలు రైలులో 48వ వంతు. పట్టాలు మాత్రం హెచ్‌ఓ అనే చిన్న సైజు రైళ్లవి, గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 16.5 మి.మీ. అందుకే టీమ్ గుర్తు గది అవతలి నుంచి కూడా కనిపిస్తుంది, చోటు మాత్రం 36 అంగుళాల వ్యాసం ఉన్న వలయానికి సరిపడా ఉంటే చాలు. అసలు రైలు లెక్కలో ఇది రెండున్నర అడుగుల గేజ్. మన నౌపడా-గుణుపురం చిన్న రైలు నడిచిందీ ఆ గేజ్ మీదే! కౌబాయ్స్ రంగు ఆవిరి ఇంజను ఏ లైన్లోనూ నడవలేదని మోడలర్లు కొందరు పెదవి విరుస్తారు. నాకైతే అది లోపంగా అనిపించదు. ఇది టీమ్ కోసం కొనే రైలు.

కానుక కొనేవాళ్లు బోల్తా పడేది అదనపు వ్యాగన్ దగ్గర. అదే టీమ్ బొమ్మతో లయొనెల్ కంపెనీ 'ఓ' (O) గేజ్ బాక్స్‌కార్ (మూసి ఉండే సరుకు వ్యాగన్) కొంటే అది ఈ పట్టాల మీద నిలవదు. దానికి మూడు పట్టాల ట్రాక్ కావాలి. నెలకో పెట్టె పద్ధతిలో కొంటే ట్రాక్, కంట్రోలర్ ఎన్నో పెట్టెలో వస్తాయో ముందే అడగండి. పుట్టినరోజు నాటికి ఇంజను ఒక్కటే చేతికొస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

వలయానికి 18 అంగుళాల వ్యాసార్ధపు వంపు ముక్కలు 12 పడతాయి. బల్ల కనీసం 42 అంగుళాల వెడల్పు ఉండాలి. బాక్‌మన్ కంపెనీ ఈజీ ట్రాక్‌లో నల్ల పీఠం ఉన్నవి స్టీలు, బూడిద రంగువి నికెల్ సిల్వర్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లకైతే బూడిద రంగువే తీసుకోండి.

ప్రతిసారీ ఒకే చోట పట్టా తప్పుతుంటే తప్పు ట్రాక్‌ది. అక్కడి జాయినర్‌ను (రెండు పట్టా ముక్కలను కలిపే లోహపు బిళ్లను) వేలితో తడిమి చూడండి, పట్టా దాని లోపలికి దూరకుండా పైకెక్కి ఉంటుంది. ఒకే వ్యాగన్ ఎక్కడపడితే అక్కడ తప్పుతుంటే దాని చక్రాలు చూడండి. కంట్రోలర్‌కు ఎదురు వైపు ఇంజను నెమ్మదిస్తే కరెంటు సరిగా అందడం లేదన్నమాట. జాయినర్లు బిగించినా మారకపోతే అటు వైపు ఇంకో జత వైర్లు కలపండి.

పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు గుడ్డ చాలు. గరుకు కాగితం గీతలు పెడుతుంది, వాటిలో మురికి ఇంకా త్వరగా పేరుకుంటుంది. ఆ ఆల్కహాల్ నక్షత్రానికి తగలనివ్వకండి, ప్రింటు లేచిపోవచ్చు. బొమ్మల కొలువులో తిప్పితే బంతిపూల రేకులు, దారప్పోగులు ఇరుసులకు చుట్టుకుంటాయి. ఏ రోజుకారోజు పట్టకారుతో లాగేయాలి. నూనె ప్లాస్టిక్‌కు పడేదై ఉండాలి, సూది మొనతో ఒక్క చుక్క వేస్తే చాలు. ఎక్కువైతే పట్టాల మీదికి జారి చక్రాలు జారతాయి.

అమెరికాలో కొని ఇంటికి పంపేవాళ్లు కంట్రోలర్ లేబుల్ చదవండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే ఇక్కడ 230కి నేరుగా పెట్టకూడదు. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. లేబుల్ మీది వాట్లకు మించిన స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే) కన్వర్టర్‌ను రైలుతో పాటే కొనివ్వండి.