గోల్డ్స్‌బోరో, పాలొమారెస్: నింగి నుంచి జారిపడ్డ బాంబులు

పిల్లలూ, అణుబాంబులు మోస్తున్న విమానాలు కూలిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

1961 జనవరిలో అమెరికాలోని గోల్డ్స్‌బోరో దగ్గర బి-52 విమానం గాల్లోనే ముక్కలైంది. ముగ్గురు చనిపోయారు. రెండు బాంబుల్లో ఒకటి పారాచూట్‌తో దిగి చెట్టుకు వేలాడింది. అది పేలకుండా చివరికి ఆపింది ఒక చిన్న స్విచ్! రెండోది బురద పొలంలోకి దూసుకుపోయింది. దాని భాగమొకటి ఇప్పటికీ భూమిలోనే ఉంది.

1966 జనవరి 17న స్పెయిన్‌లోని పాలొమారెస్ మీద, గాల్లో ఇంధనం నింపుకుంటూ రెండు విమానాలు ఢీకొన్నాయి. ఏడుగురు మరణించారు. నాలుగు బాంబుల్లో ఒకటి సముద్రంలో పడింది. దాన్ని చూసిన జాలరి చెప్పిన గుర్తులు వెతుకులాటకు సాయపడ్డాయి. దాదాపు 80 రోజులకు బయటికి తీశారు.

రెండు చోట్లా అణు విస్ఫోటం జరగలేదు. స్విచ్ కథ వింటే గుండె ఝల్లుమంటుంది. అయినా నాకు పాలొమారెసే ఎక్కువ బాధాకరం. అక్కడ నేల మీద పడ్డ మూడింటిలో రెండు బాంబుల్లోని మామూలు పేలుడు పదార్థం పేలి, ప్లుటోనియం అనే విషపూరిత అణు పదార్థపు ధూళి పొలాల మీద పరుచుకుంది. సుమారు 1,400 టన్నుల మట్టిని, పంటను ఓడల్లో అమెరికాకు తరలించినా, కొంత విషం ఆ ఊరి నేలలోనే మిగిలిపోయింది.