శిథిలాన్ని గీయడానికి రాగి రేకా, ఎర్ర సుద్దా?

పద్దెనిమిదో శతాబ్దంలో ఇద్దరు చిత్రకారులు రోము శిథిలాలను విడవకుండా గీశారు. ఒకరు వెనిస్ ప్రాంతం నుంచి వచ్చిన పిరనేసి, మరొకరు 1754లో పారిస్ నుంచి వచ్చిన హ్యూబెర్ రొబేర్. ఇద్దరూ పరిచయస్థులే. రోములోని పురాతన రంగస్థలం కొలోసియంను ఇద్దరూ గీశారు. కాలం గడిచిన జాడను కాగితం మీదికి తేవాలంటే ఎవరి దారి మేలు?

పిరనేసిది రాగి రేకు. దానికి మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. గీత పడ్డచోట ఆమ్లం రాగిని తింటుంది. లేతగా ఉండాల్సిన గీతలను కప్పేసి తక్కినవాటిని మళ్లీ ముంచితే అవి ఇంకా లోతుగా పడి, రేకుకు సిరా పట్టించి కాగితం మీద అచ్చు తీసినప్పుడు నల్లగా తేలతాయి. ఎండా వానా రాయిని తినడమూ ఇలాగే కదా! పైగా ఆయన వాస్తువిద్య నేర్చినవాడు. పెచ్చులూడిన కమానులో కూడా ఏ ఇటుక దేని బరువు మోస్తోందో తెలుస్తుంది. అయితే పక్కన నిలబెట్టిన మనుషులు చీమలంత. ఆ అచ్చులు చూసి రోముకు వెళ్లిన శిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్‌కు అసలు శిథిలాలు అంత గొప్పగా అనిపించలేదట.

రొబేర్ చేతిలో తరచుగా ఉండేది ఎర్ర సుద్ద. ఇనుము కలిసిన మెత్తని మట్టి అది, మన గడపలకు పూసే జాజుకు దగ్గరి చుట్టం. దాని గీతకు ఖచ్చితమైన అంచు ఉండదు. గోడ ఎక్కడ ముగిసి పొద ఎక్కడ మొదలైందో చెప్పలేం. విరిగిన స్తంభాల నీడలో ఆయన బొమ్మల్లోని ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటూ ఉంటారు. ఆ శిథిలం ఎవరిదో వాళ్లకు పట్టదు. నాకైతే కాలం అక్కడే కనిపిస్తుంది, పిరనేసి పగుళ్లలో కంటే ఎక్కువగా. సుద్దబొమ్మ మీద తడి కాగితం ఉంచి నొక్కి, కుడి ఎడమలు తారుమారైన లేత ప్రతి తీసుకోవడం కూడా రొబేర్‌కు అలవాటు. ప్రతి తీసినందుకు అసలు బొమ్మ కొంత వెలిసిపోతుంది.

1796లో ఆయన పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం పొడవాటి గ్యాలరీ పైకప్పు కూలిపోయినట్టు ఊహించి చిత్రించాడు. అది తైలవర్ణం కాబట్టి ఈ పోటీలోకి రాదు. కానీ ఆ మ్యూజియం ఏర్పాట్లు చూసుకున్నవారిలో ఆయనా ఒకరని తెలిస్తే నవ్వొస్తుంది.

సుద్దకే నా ఓటు, ఒక్క షరతుతో. కొత్తగా గీసేవారు మాత్రం పెన్నుతోనే మొదలుపెట్టాలి. కమాను ఎలా నిలబడిందో తెలియకపోయినా సుద్దను వేలితో రుద్దేసి తప్పించుకోవచ్చు. పెన్ను అలా తప్పించుకోనివ్వదు. ఓరుగల్లు కోటలో నేను తోరణాన్ని పెన్నుతో గీస్తే అది నిన్న చెక్కినట్టు వచ్చింది. చెక్కడం అంత చెక్కుచెదరకుండా ఉంది మరి. నేల మీద పడి ఉన్న గుడి రాళ్లకు వచ్చేసరికి సుద్ద తీశాను. ఎండలో రెండు గంటలు కూర్చుని, ఆ పుస్తకాన్ని అలాగే మూసి సంచిలో పడేశాను. బస్సు కుదుపులకు ఇంటికి చేరేసరికి రాళ్లన్నీ ఎదుటి పుటకు అంటుకున్నాయి, లేతగా, తిరగబడి. ఆ రెండో పుటనే దాచుకున్నాను.