ఆర్‌డీ మాక్ టెస్టులు: ప్రశ్నలు సోసో, ఆ ఒక్క కౌన్సెలింగ్ రౌండ్ మాత్రం సూపర్

ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్షకి ప్రిపేర్ అవుతూ ఒక ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ కొన్నాను. పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది. 2500 రూపాయలకి పది మాక్ టెస్టులు, చివర్లో ఒక లైవ్ కౌన్సెలింగ్ రౌండ్.

ముందు తిట్లు. మూడో టెస్టులో ఆడవాళ్లకి రోజుకి ఐరన్ ఎంత అని అడిగితే 29 మిల్లీగ్రాములు అని పెట్టాను, తప్పన్నారు. వాళ్ల ఆన్సర్ కీలో 21 ఉంది. అది 2010 నాటి లెక్క! ఐసీఎంఆర్, మన తార్నాకలోని ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) కలిసి 2020లో కొత్త ఆర్‌డీఏ, అంటే ఏ పోషకం రోజుకి ఎంత తీసుకోవాలో చెప్పే లెక్కలు, ఇచ్చాయి కదా, అందులో 29. కాల్షియం కూడా అంతే, పెద్దవాళ్లకి 600 నుంచి 1000 మిల్లీగ్రాములకి మారింది, వీళ్ల కీలో ఇంకా 600 దగ్గరే ఉంది. డబ్బులు తీసుకుని పాత నోట్సు అమ్మితే ఎలా అండీ?

మిగతా ప్రశ్నలు బట్టీకి సరిపోతాయి. 60 కిలోల మనిషి, ఒంటిమీద 30 శాతం కాలిన గాయాలు, కర్రెరీ ఫార్ములాతో ఎన్ని కేలరీలు? బరువులో కిలోకి 25, కాలిన ఒక్కో శాతానికి 40, మొత్తం 2700. నిమిషంలో చేసేస్తాం. కానీ ఆ మనిషికి నోట్లోకి ముద్ద దిగకపోతే ఆ 2700 ఎలా లోపలికి పంపాలో ఒక్క ప్రశ్న కూడా లేదు, వార్డులో మనల్ని అడిగేది అదే.

ఇక లైవ్ రౌండ్. చాలా ఏళ్లు హాస్పిటల్‌లో పనిచేసిన ఒక సీనియర్ డైటీషియన్ మేడమ్ బీపీ ఉన్న పెద్దావిడలా నటించారు. "నిన్న ఏం తిన్నారమ్మా" అన్నాను, "ఏముంటుందమ్మా, ఇంత అన్నం, ఇంత పప్పు" అన్నారు. నేను గబగబా ఒక కప్పు, అర కప్పు అని రాసేసుకున్నాను. అయిపోయాక ఆవిడ అడిగారు: "ఎవరి కప్పు? నేను చెప్పానా?" టెన్షన్‌తో నోరు పెగల్లేదు. ఎన్ని గరిటెలు, ఏ సైజు గరిటె అని అడగలేదు, పక్కన ఆవకాయ ఉందా అని అస్సలు అడగలేదు, ఉప్పంతా అక్కడే ఉందని తెలిసి కూడా. నూనె సంగతి "తక్కువే వాడతాం" అంటే నమ్మేశాను. నెలకి ఎన్ని ప్యాకెట్లు తెస్తారు, ఇంట్లో ఎంతమంది అని అడగాలట. నలుగురికి నెలకి ఐదు లీటర్లు అంటే ఒక్కొక్కరికి రోజుకి దాదాపు 38 గ్రాములు, ఎన్‌ఐఎన్ రోజుకి 2000 కేలరీల నమూనా ప్లేటులో చూపించేది 27. ఎమ్మెస్సీ రెండేళ్లలో 24 గంటల రీకాల్ (నిన్నంతా ఏం తిన్నారో అడిగి రాసుకోవడం) గురించి వ్యాసాలు రాశాను కానీ ఇలా ఎవరూ కూర్చోబెట్టి గట్టిగా అడగలేదు.

అరగంటే ఇచ్చారు, గంట ఇవ్వాల్సింది. ఆ రౌండ్ విడిగా అమ్మితే కళ్లు మూసుకుని కొంటాను. మొత్తం ప్యాకేజీకి ఐదుకి మూడు. ఐరన్ తప్పు గురించి మెయిల్ పెట్టి పది రోజులైంది, "మా టీమ్ చూస్తోంది" అని రిప్లై వచ్చింది, నిన్న రాత్రి మళ్లీ తెరిచి చూస్తే కీలో ఇంకా 21 ఏ ఉంది.