బీరు మీద జీఎస్టీ ఏందప్పా?

కర్నూలు, కడప, అనంతపురం చుట్టొచ్చాం. ఆ ఊళ్లలో కోటలూ గుళ్లూ చూసి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను సాయంత్రాల సంగతి, అంటే బార్ల సంగతి రాస్తున్నాను. కడపలో ఒక ఏసీ బార్ వాళ్లు మా దగ్గర 191 రూపాయలు అన్యాయంగా లాగబోయారు. ఆ కోపం ఇంకా దిగలేదు.

వెళ్లింది ముగ్గురం: నేను, మా బావమరిది, గుత్తిలో పుట్టి పెరిగిన మా ఆఫీసు మిత్రుడు. కారు వద్దనుకున్నాం. ముగ్గురమూ తాగేవాళ్లమే అయినప్పుడు స్టీరింగ్ ఎవరు పట్టాలన్న పంచాయితీ ఎందుకు, ఆర్టీసీ ఉంది కదా. బావమరిది మాత్రం మొదట్నుంచీ ముఖం ముడుచుకునే ఉన్నాడు. వాడు గచ్చిబౌలిలో అక్కడికక్కడే తయారుచేసి గ్లాసుల్లో పట్టిచ్చే బీరుకు అలవాటుపడ్డ మనిషి. "ఈ ఊళ్లలో స్ట్రాంగ్ బీరు తప్ప ఏం దొరకదు బావా" అని బస్సులో ఒకటే సణుగుడు.

కర్నూలు బాగా జరిగింది కాబట్టి ఎక్కువ చెప్పను. పొద్దున ఉగ్గాని బజ్జి, ప్లేటు 50. సాయంత్రం రాజ్‌విహార్ సెంటర్‌కి దగ్గర్లో ఒక మామూలు బార్, సీసా 280, చల్లగా ఉంది, ఎవరూ విసిగించలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు ఇది. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు ఆ కాలం నాటివే. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఏడాది దాటిందో లేదో, 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఈ ముక్క రెండో గ్లాసు దగ్గర చెబితే బావమరిది ఆ ప్రయాణంలో మొదటిసారి నవ్వాడు. "అయితే చారిత్రక ప్రదేశంలోనే కూర్చున్నాం" అన్నాడు.

ఇక కడప. పొద్దున ఎర్రకారం, పప్పులపొడి వేసిన కారం దోసె తిన్నాం. దానికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. లాడ్జి ఏసీ గది 1,200, అదనపు పరుపుకు 200, అదీ బాగానే ఉంది. తేడా కొట్టింది సాయంత్రమే. బావమరిది పట్టుబట్టి నీలం లైట్ల ఏసీ బార్‌లోకి లాక్కెళ్లాడు. సోఫాలు, పెద్ద టీవీ, చెవులు పగిలే పాటలు. సీసా 320. సరే, ఏసీకి ఆమాత్రం ఉంటుందిలే అనుకున్నాం.

సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఇదేంటని అడిగితే కుర్రాడు ఏమాత్రం తొణక్కుండా, "కూలింగ్ అవుతాండాయి సార్, ఐసు ఏసుకోండి" అని గిన్నెడు ఐసు ముక్కలు తెచ్చి పెట్టాడు. బీరులో ఐసు! విస్కీకి చెల్లుతుంది గానీ, బీరులో వేస్తే నురుగు చచ్చి, రుచి పలచబడి, చివరికి మిగిలేది చేదు నీళ్లు. పైగా ఆ సీసాల పెట్టె మొత్తం కిటికీ పక్కన పెట్టి ఉంది, పగలంతా ఎండ పడే చోటు. బీరు సీసాలకు ముదురు గోధుమ రంగు గాజు ఊరికే వాడరు, వెలుతురు తగిలితే బీరు వాసన మారిపోతుంది. రంగు గాజు కొంత కాపాడుతుంది, మిగతాది బార్ వాళ్లు చూసుకోవాలి. వేరే సీసాలు ఇమ్మంటే లేవన్నారు. లేచి బయటికి వెళ్దామంటే అప్పటికే మూడూ మూతలు తీసేశారు.

చికెన్ 65 ప్లేటు 290, మసాలా పల్లీలు 110. పల్లీలు మెత్తబడి ఉన్నాయి. అంతటితో పోయినా ఊరుకునేవాణ్ణి. బిల్లు వచ్చింది: మూడు సీసాలు 960, తిండి 400, మొత్తం 1,360. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జి 136. ఆ మొత్తం మీద అయిదు శాతం జీఎస్టీ. చివరికి 1,571.

మా గుత్తి మిత్రుడు అకౌంట్స్ మనిషి. అంతవరకూ నోరెత్తనివాడు కళ్లజోడు పైకి తోసుకుని, "బీరు మీద జీఎస్టీ ఏందప్పా?" అన్నాడు. మనుషులు తాగే మద్యం అసలు జీఎస్టీలోనే లేదు. దాని పన్ను రాష్ట్రానిది, అది ధరలోనే కలిసి ఉంటుంది. జీఎస్టీ వేస్తే తిండి మీదే వేయాలి, అంటే 400కి 20 రూపాయలు. సర్వీస్ ఛార్జి అడిగినా ఇవ్వక్కర్లేదు, బిల్లులో దానంతట అది కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల అథారిటీ చెప్పింది. ఈ మాటే చెబితే కౌంటర్ దగ్గరున్న మనిషి "సిస్టమ్‌లో అట్లనే వస్తాది సార్, మా చేతుల్లో లేదు" అన్నాడు. మిత్రుడు ఫోను తీసి 1915కి చేస్తానన్నాడు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. అంతవరకూ ఎవరి చేతుల్లోనూ లేని సిస్టమ్ అర నిమిషంలో మారి, 1,380కి కొత్త బిల్లు వచ్చింది. బావమరిది ఇదంతా చూస్తూ సెల్‌ఫోన్‌లో తల దూర్చేశాడు. ఆ బార్ ఎంచుకున్నది తనే కదా, రాత్రంతా మాట్లాడలేదు.

అనంతపురంలో బార్ ఎంపిక మిత్రుడికే వదిలేశాం. టవర్ క్లాక్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, పాత మేడ కింద, గోడలకు సున్నం, పైన ఫ్యాన్లు, రాతి బల్లలు. ఏసీ లేదు, పాటలు లేవు. పక్క బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు వాన గురించీ బోరు గురించీ మాట్లాడుకుంటున్నారు. ఈ జిల్లాలో ఇంకేం మాట్లాడుకుంటారు మరి.

సప్లయర్‌కు అరవై దాటి ఉంటాయి. లైట్ ఉందా అని అడిగితే ఉందన్నాడు. (స్ట్రాంగ్ అంటే అయిదు నుంచి ఎనిమిది శాతం ఆల్కహాల్, లైట్ అంటే అయిదు లోపు. ఊళ్లలో అడక్కపోతే స్ట్రాంగే తెచ్చిపెడతారు.) సీసా తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తడి తుడిచి, మూత తియ్యకుండా నా ముందు పెట్టి, "పట్టుకోని సూడు సార్, సాలునా?" అన్నాడు. చెయ్యి జివ్వుమంది. తర్వాత లేబుల్ మీద తేదీ చూపించాడు, నెల కూడా కాలేదు. తయారైన ఆర్నెల్ల లోపు తాగాలని సీసా మీదే రాసి ఉంటుంది, మనమే చూడం. నేను తలూపాకే మూత తీశాడు. గ్లాసు వంచి పోశాడు, రెండు వేళ్ల మందం నురుగు నిలిచింది.

కొత్త శెనక్కాయలు వచ్చే రోజులు. అడక్కుండానే ఒక కాగితం పరిచి ఉప్పేసి ఉడకబెట్టిన కాయలు పోశాడు, వేడి వేడిగా. వొలుస్తుంటే పొట్టులోని ఉప్పు నీళ్లు వేళ్ల మీదికి కారుతున్నాయి. పచ్చిమిర్చి దండిగా వేసిన గుడ్డు పొరటు రెండు ప్లేట్లు చెప్పాం. బావమరిది కాయలు వొలవడంలో పడి గచ్చిబౌలి ఊసే ఎత్తలేదు. మూడు సీసాలు 250 చొప్పున 750, పొరటు 160, కాయలు 40, తిండి మీద జీఎస్టీ 10. మొత్తం 960, చేత్తో రాసిన బిల్లు, తేడా లేదు. బల్ల మీద 50 పెడితే ఆయన లెక్క చూసుకోకుండానే జేబులో వేసుకున్నాడు.

వెళ్లాలనుకుంటే ఏడులోపు వెళ్లండి. ఎనిమిది తర్వాత ఆఫీసులవాళ్లు నిండుతారు, ఫ్రిజ్‌లో చల్లవి అయిపోతాయి. ఆదివారం వద్దు. లాడ్జి మాత్రం చూసి దిగండి: మేం దిగింది బస్టాండుకు ఎదురుగా, ఏసీ లేని గది 900. కింది అంతస్తులో ఇస్తే వద్దనండి, రాత్రంతా బెంగళూరు బస్సుల హారన్లే. రెండో అంతస్తు వెనక వైపు గది అడిగితే అదే రేటుకు ఇస్తారు, మేం అడిగే తీసుకున్నాం.