నిమ్మఉప్పుతో టైల్స్: బాగా వాడినాక నా మాట

ఇది ఏ కంపెనీ సీసా గురించీ కాదు. కిరాణా అంగడిలో పొట్లం కట్టి ఇచ్చే నిమ్మఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్ గురించి. షర్బత్‌లో వేసేదే, పండగ ముందు ఇత్తడి కుందులు తోమేదే. మా హాల్లో తెల్ల విట్రిఫైడ్ టైల్స్ మీద దీన్ని వాడబట్టి చాన్నాళ్ళయింది. దీని మీద నాకు అభిమానం కొంచెం ఎక్కువే, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి.

మాది తిరుపతిలో, తిరుచానూరు రోడ్డు వైపు అపార్ట్‌మెంటు. ఊరికి కల్యాణీ డ్యాం నీళ్ళున్నాయి, తెలుగుగంగ నీళ్ళున్నాయి. మా సంపు దాకా వచ్చేవి వంటకూ తాగడానికీ సరిపోతే గొప్ప. మిగిలిన పనులన్నిటికీ బోరే. బకెట్టు అంచున తెల్ల చారలు, కుళాయి మూతికి గట్టిపడిన సున్నం, ఏటా మార్చే గీజర్ కాయిలు, ఇవన్నీ బోరు నీళ్ళ ఇంట్లో ఉన్నోళ్ళకు కొత్త కాదు. అదే నీళ్ళతోనే కదా రోజూ ఇల్లు తుడిచేది! ఆ సున్నం నేల మీద మాత్రం పడకుండా ఎక్కడికి పోతుంది? ఆ మాట ఎవరికీ తట్టదు. టైల్స్ మసకబారినాయంటే పాలిష్ అరిగిపోయిందనే అనుకుంటాం.

పాలిష్ మిషన్ ఆయప్ప వచ్చి చూసి అదే అన్నాడు. "నానో కోటింగ్ పోయింది మేడం, డైమండ్ ప్యాడ్లు వేసి రుద్దాల్సిందే" అని అడుగుకింతని లెక్క కట్టినాడు. సామానంతా బయట పెట్టుకోవాలంట. మా ఆయన అడ్వాన్సు ఇచ్చేదానికి సిద్ధమైపోయినాడు. ఈలోగా పెయింట్ పని పడి బీరువా జరిపించినాం. దాని కింద టైలు చూడాలి! ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు అందులో.

"చూసినావా, తొక్కని చోట పాలిష్ నిలిచింది" అన్నాడు మా ఆయన.

"తొక్కని చోటే కాదు నాయనా, తడిగుడ్డ తగలని చోటు కూడా అదే కదా" అనింది మా అత్త.

ఆయమ్మ అంతటితో ఊరుకోలేదు. తలుపు వెనక మూల చూపించింది. అక్కడ ఎవరూ తొక్కరు, గుడ్డ మాత్రం రోజూ పెడతారు. ఆ మూల హాలు మధ్యలో ఎంత మసకో అంతే మసక. ఇంకేముంది, కుందులు తోమడానికి కలిపిన నిమ్మఉప్పు నీళ్ళు చెంచాతో తెచ్చి అక్కడ రెండు చుక్కలు వేసింది. వంగి చూస్తే సన్నటి బుడగలు. అవే చుక్కలు బీరువా కింది టైలు మీద వేస్తే ఉలుకూ పలుకూ లేదు. సున్నపు పొర మీద పులుపు పడితే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వస్తుంది, బడిలో చెప్పిన పాఠమే. కాసేపాగి తుడిస్తే చుక్కలు పడినంత మేర మెరుపు బయటపడింది. ఆయన అడ్వాన్సు ఇవ్వలేదు.

తర్వాత కాస్త చదువుకున్నాను. తాగే నీళ్ళ కాఠిన్యం, అంటే అందులో కరిగున్న సున్నం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోమంటుంది. ఆ 600 నీళ్ళే ఒక లీటరు నేల మీద ఆరితే అర గ్రాముకు పైగా సున్నం అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి రోజూ అంటే మీరే లెక్క వేసుకోండి. మా బ్లాకులో చాలామంది ఆర్వో వదిలేసే నీళ్ళను బకెట్టుకు పట్టి ఇల్లు తుడుస్తారు. నీళ్ళు వృథా కావు, నిజమే. కానీ ఫిల్టరు తోసేసిన ఉప్పంతా ఆ బకెట్టులోనే ఉంటుంది. ఆ నీళ్ళు బాత్రూం కడగడానికి పోతే మేలు.

వాడే తీరు: లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాలు కరిగించి, ఒకసారికి రెండు మూడు టైల్స్ తడిపి, ఐదు నిమిషాలు ఆగి, మెత్తటి పీచుతో రుద్ది, మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి. మొత్తం హాలు ఒకేసారి తడిపేస్తే ఫ్యాను గాలికి ఆరిపోతుంది. ఆరితే నిమ్మఉప్పూ సున్నమూ కలిసి ఇంకో తెల్ల మరక కూర్చుంటుంది, అది ఉత్త నీళ్ళకు అంత సులభంగా వదలదు. అందుకే చివరన పొడిగుడ్డ, తడి ఆరకముందే.

మొదట్లో చుట్టాలందరికీ "ఒక్కసారి చేస్తే చాలు, కొత్త టైల్సే" అని చెప్పి తిరిగినా. ఇప్పుడంత గట్టిగా చెప్పను. నీళ్ళు మారలేదు కాబట్టి పొర మళ్ళీ వస్తుంది. రోజూ తడిగుడ్డ వెనకాలే పొడిగుడ్డ పెట్టడం మొదలుపెట్టినాకే మెరుపు నిలబడింది. నిజానికి సగం పేరు ఆ పాత టర్కీ టవల్‌కే దక్కాలి. పనికొచ్చే అమ్మాయి "రెండో గుడ్డంటే రెండో పని కదక్కా, జీతం పెంచు" అనింది. న్యాయమే, పెంచినాం. ఆ ఖర్చు కూడా ఇందులో కలిపితే నిమ్మఉప్పు అంత చవకేమీ కాదు.

పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. వంటింట్లో పొయ్యి ముందు ఉండే జిడ్డు పొర దీనికి లొంగదు. దానికి గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన వేడినీళ్ళే. ఆ జిడ్డు తీసినాకే నిమ్మఉప్పు కింది సున్నాన్ని తాకేది. టైల్స్ మధ్య సిమెంటు సందులు తరచూ తడిస్తే పొడిపొడిగా రాలతాయి, సిమెంటు బదులు ఎపాక్సీ అనే గట్టి జిగురు నింపినవి ఆగుతాయి. వంటింటి గడప దగ్గర మాకు కడప బండ ఉంది. అది సున్నపురాయే కదా, ఈ నీళ్ళు చిందిన చోటల్లా నలుపు పోయి బూడిద రంగు తేలింది. నూనె రాస్తే ఒక పూట నల్లగా కనబడుతుంది, మర్నాటికి మళ్ళీ అదే. మార్బుల్ అయినా, పాత ఇళ్ళలోని మొజాయిక్ అయినా ఇదే గతి, దగ్గరికి రానీయకండి.

బాత్రూం యాసిడ్‌తో ఇదే పని నిమిషంలో అవుతుందని మా తమ్ముడి వాదన. అవుతుంది, ఆ పొగకు కుళాయిల మెరుపు కూడా దానితోపాటే పోతుంది. ఇంకో మాట: యాసిడ్ గానీ నిమ్మఉప్పు గానీ బ్లీచింగ్ పౌడర్‌తో కలపకండి, క్లోరిన్ లేచి ఊపిరాడదు. బ్లీచింగ్ చల్లిన రోజు ఈ పని పెట్టుకోను.

కొనాలా వద్దా అంటారా? బోరు నీళ్ళు, నునుపు విట్రిఫైడ్ టైల్స్ రెండూ ఉన్నోళ్ళు పాలిష్‌కు డబ్బు కట్టేముందు తలుపు వెనక మూలలో రెండు చుక్కలు వేసి చూడండి, బుడగలొస్తే పొట్లం కొనండి. మంచి నీళ్ళ సరఫరా ఉన్నోళ్ళకు దీని అవసరం పడకపోవచ్చు. ఇంట్లో నేల తుడిచినాక పొడిగుడ్డ పెట్టే మనిషి లేకపోతే నా మాట పట్టుకుని నెలకే తిట్టుకుంటారేమో కూడా.

మా వాకిలి లోపల నాలుగు టైల్స్ మాత్రం దేనికీ మారలేదు. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కరువుండదు, కొండకు పోయేవాళ్ళూ దిగేవాళ్ళూ సూట్‌కేసులు ఈడ్చేది, ఇసుక కాళ్ళతో తొక్కేది అక్కడే. అక్కడ చుక్కలు వేస్తే బుడగ కూడా రాలేదు, తుడిస్తే మెరుపూ రాలేదు. అవి నిజంగానే గీతలు పడి అరిగినాయి, ఆ నాలిగింటి వరకూ పాలిష్ ఆయప్ప చెప్పిందే సరి. నాలుగు టైల్స్ కోసం మిషన్ తీసుకుని రాడంట. ఎదురింటోళ్ళు కూడా చేయించుకుంటే కలిపి చూద్దామన్నాడు, అడగాలి.