కయోటీల నుంచి మేకలకు కాపలా: కరెంటు వల, కావలి కుక్క, కొన్నేళ్ల వాడకం తర్వాత

తీర్పు ముందే చెప్పేస్తాను. ఒక్కటే కొనగలిగితే కుక్కను తెచ్చుకోండి. రెండూ కొనగలిగితే కరెంటు వల కూడా తీసుకోండి. రాత్రంతా మిణుకుమిణుకుమనే దీపాల జోలికి మాత్రం వెళ్లకండి. మొదట్లో కయోటీలు (నక్కలాంటి ఇక్కడి అడవి జంతువులు) వాటిని చూసి దూరంగా జరిగాయి. కొద్ది వారాలకు ఆ వెలుగులోనే కంచె పక్కన తిరగడం కెమెరాలో కనిపించింది.

మేముండేది టెక్సస్‌లో, ఆస్టిన్‌కు ఈశాన్యాన, బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే నల్లమట్టి పట్టీలో. కర్నూలు రైతు ఎవరైనా చూస్తే ఇది నల్లరేగడే అంటాడు. వానకు కాలు దిగబడుతుంది, ఎండకు చేయి పట్టేంత బీటలు తీస్తుంది. కంచె గురించి మాట్లాడేటప్పుడు ఈ మట్టితో పని పడుతుంది. మంద చిన్నదే, బోయర్, స్పానిష్ సంకరం మేకలు. కొనేవాళ్లలో దసరాకు, సంక్రాంతికి వచ్చే మనవాళ్లే ఎక్కువ.

కయోటీ మన నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. పది నుంచి పదహారు కిలోలు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు పుడతాయి. వాటి కడుపు నింపాల్సిన రోజుల్లోనే మన మేకలూ ఈని ఉంటాయి. అసలు తంటా అక్కడే. అయితే చచ్చిన ప్రతి మేకపిల్లనూ కయోటీ ఖాతాలో వేయకండి. గొంతు దగ్గర చర్మం ఒలిచి చూడాలి. పంటి గాట్ల కింద రక్తం గడ్డకట్టి ఉంటే, కొరికినప్పుడు పిల్ల బతికే ఉందని అర్థం. రక్తం కమలకపోతే అది ముందే చచ్చింది, కయోటీ తర్వాత వచ్చి తిన్నది. వెనక కాళ్లు, చెవులు, ఒళ్లంతా చీరేసి ఉంటే పక్కింటి కుక్కల్ని అనుమానించండి. మా దగ్గర రెండు రకాలూ జరిగాయి. కుక్కల యజమానితో మాట్లాడటమే ఎక్కువ కష్టమైంది.

పరిహారం మీద ఆశ పెట్టుకోవద్దు. ఫెడరల్ ప్రభుత్వపు లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్, అంటే పశునష్ట పరిహార పథకం, అడవి జంతువుల దాడుల విషయంలో ఫెడరల్ చట్టరక్షణ ఉన్న జంతువులు, ఆ ప్రభుత్వమే తిరిగి ప్రవేశపెట్టిన జంతువులు చంపితేనే వర్తిస్తుంది. కయోటీ ఆ రెండింటిలోనూ లేదు. పశువుల మీద పడే కయోటీని ఇక్కడ భూయజమాని కాల్చవచ్చు, చట్టం అడ్డురాదు. మా పొరుగాయన ఏటా కాలుస్తాడు. ఖాళీ అయిన చోటికి కొత్త జంట వస్తుంది, అది మేకల రుచి ఎరిగినదో కాదో ఎవరూ చెప్పలేరు. మేకల్ని ముట్టని జంట ఒకటి మన చుట్టూ స్థిరపడి, ఇతర కయోటీలను రానివ్వకుండా ఉంటే అంతకన్నా మేలు లేదని నా లెక్క. ఆయన ఒప్పుకోడు.

ఇక కరెంటు వల. 42 అంగుళాల ఎత్తు, రోలు 164 అడుగులు, గుంజలు వలకే కట్టి వస్తాయి. ‘కరెంటు కంచె’ అనగానే ఊళ్లో అడవిపందుల కోసం మెయిన్ లైను నుంచి తీగ లాగి మనుషుల ప్రాణాలు తీసిన ఘటనలు గుర్తొస్తాయి. ఇది అది కాదు. వలకు కరెంటు పంపే ఎనర్జైజర్ అనే పెట్టె సుమారు సెకనుకు ఒకసారి, కన్నుమూసి తెరిచేలోపు ముగిసే చిన్న దెబ్బ వదులుతుంది. నొప్పి గట్టిగానే ఉంటుంది, ఒక్క దెబ్బ చంపదు. కయోటీ కొత్త వస్తువును ముక్కుతో చూస్తుంది. తడి ముక్కుకు ఒకసారి తగిలితే చాలాకాలం గుర్తుంచుకుంటుంది.

కనీసం 3,000 వోల్టులు లేకపోతే ఆ వల అలంకారమే. వసంతంలో మా మీటరు దానికి రెట్టింపు చూపిస్తుంది. ఆగస్టు వచ్చేసరికి పడిపోతుంది. ఎనర్జైజర్ పాడవలేదు, నేల ఎండింది. కరెంటు జంతువు కాళ్ల గుండా మట్టిలోకి దిగి ఎర్తింగ్ కడ్డీకి తిరిగి రావాలి, బీటలు తీసిన రేగడి ఆ దారి ఇవ్వదు. ఎర్తింగ్ కడ్డీలు పెంచి, లోతుగా దించి, మొదట్లో నీళ్లు పోస్తే కొంత నయం. పొడి ప్రాంతాలవాళ్లు ఒక తీగ కరెంటు, ఒక తీగ ఎర్త్ ఉండే రకం వల కొనడం మంచిది, అది మట్టి మీద అంతగా ఆధారపడదు. మే నెలలో సమస్య తిరగబడుతుంది, గడ్డి పెరిగి తీగలకు తగిలి కరెంటు కారిపోతుంది. వల కింద గడ్డి కోస్తూనే ఉండాలి. మరో సంగతి, కొమ్ములు మొలుస్తున్న పిల్లలు వల కళ్లలో తల దూర్చి ఇరుక్కుంటాయి. మాకు ఒకటి అలాగే పోయింది. అప్పటినుంచి ఆ వయసు పిల్లల్ని మామూలు జాలీ కంచె దొడ్డిలోనే ఉంచుతున్నాం.

గాడిద గురించి చాలామంది అడుగుతారు. దానికి కుక్కజాతి అంటే సహజంగానే పడదు, ఒంటరి కయోటీని తరిమేస్తుంది. కానీ మన కుక్కతోనూ పడదు, అప్పుడే పుట్టిన పిల్లల్ని తన్నే ప్రమాదమూ ఉంది. పైగా మేకల దాణాలో తరచూ కలిపే మోనెన్సిన్ అనే మందు గాడిదకు ప్రాణాంతకం. దాణా సంచి మీద చీటీ చదవకుండా గాడిదను తేవద్దు.

మా కుక్క గ్రేట్ పిరనీస్, అనటోలియన్ అనే రెండు కావలి జాతుల సంకరం. మొదటి ఏడాదిన్నర కాపలా మాట దేవుడెరుగు, మేకపిల్లల్ని ఆటకు తరిమి చెవులు నమిలేది. ఈ జాతులు రెండేళ్లకు గానీ కుదురుకోవు. ఆ ఓపిక లేనివాళ్లు పెరిగిన కుక్కను కొనుక్కోవాలి. కుదురుకున్నాక మాత్రం పగలంతా చెట్టుకింద నిద్ర, చీకటి పడ్డాక మంద చుట్టూ తిరుగుడు. కయోటీని పట్టుకుని చంపడం దాని పని కాదు. రాత్రంతా మొరిగి, వాసన వదిలి, ఇక్కడ నేనున్నానని చెబుతుంది. అది కుదురుకున్నాక కయోటీకి మేక పోలేదు. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఆ మొరుగుడుకు పోలీసు ఫిర్యాదు ఖాయం. దోమల వల్ల వచ్చే హార్ట్‌వార్మ్ అనే గుండెపురుగుకు నెలనెలా మందు, ఒత్తు జుట్టుకు దువ్వెన, సంచులకొద్దీ తిండి, ఇవన్నీ ఖర్చులో రాసుకోండి.

దీని పెద్ద లోపం తిరుగుడు. మామూలు కంచె దాటి మైళ్లు పోయేది, తన కాపలా ఊరంతటికీ అనుకుంటుంది. చివరికి వల ఎక్కువగా అక్కరకొచ్చింది ఇక్కడే. కుక్కపిల్లగా ఒకసారి తగిలిన దెబ్బతో ఇప్పుడు కరెంటు లేకపోయినా వల దగ్గరకు రాదు, మందతోనే ఉంటుంది. కయోటీని ఆపుతుందని కొన్న వల, కుక్కను ఉంచుతున్నందుకే నాకు గిట్టుబాటయింది.

కుక్కపిల్లను కొనేటప్పుడు ఫోటోలు నమ్మకుండా వెళ్లి చూడండి. తల్లి కుక్క మేకల మధ్య పనిచేస్తూ ఉండాలి, పిల్లలు అక్కడే పుట్టి పెరగాలి. ఇంట్లో సోఫా మీద పెరిగిన పిరనీస్‌ను సగం ధరకు ఇస్తామన్నా వద్దు.